అమీర్‌పేటలో యూఎక్స్ కోర్సు చేస్తున్నారా? వెబ్‌సైట్ జనానికి పనికొస్తుందో లేదో తేల్చేది ఇలా..

వెబ్‌సైట్ చూడ్డానికి అదిరిపోతుంది. రంగులు బాగున్నాయి, ఫొటోలు మెరిసిపోతున్నాయి. తీరా ఫామ్ అంతా నింపి సబ్మిట్ కొడితే 'ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్' అని వస్తుంది. ఏ గడిలో తప్పు పడిందో చెప్పదు. అప్పటిదాకా నింపిందంతా పోతుంది. రెండుసార్లు ప్రయత్నించి, విసిగిపోయి, పక్క సందులో ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్లి డబ్బులిచ్చి ఆ పని చేయించుకుంటారు. ఈ అనుభవం లేని ఇల్లు దాదాపు ఉండదు. మరి ఇలాంటి తప్పులను ముందే పట్టుకునేది ఎవరు? ఆ పని నేర్చుకోవడం ఎలా?

అమీర్‌పేట.. ఈ పేరు చెబితే తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరి కుర్రాడికైనా ముందు గుర్తొచ్చేది కోచింగ్ సెంటర్లే. మైత్రీవనం దగ్గర బస్సు దిగగానే చేతిలో పాంప్లెట్ పెట్టేస్తారు. జావా, టెస్టింగ్, డేటా సైన్స్ బోర్డుల మధ్య ఇప్పుడు యూఐ-యూఎక్స్ బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. కోడింగ్ రాకపోయినా పర్లేదు అనేసరికి బీకాం, బీఏ చేసినవాళ్లు కూడా ఇటు చూస్తున్నారు. అయితే స్క్రీన్ గీయడం నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ స్క్రీన్ మీద మామూలు మనిషి తన పని పూర్తి చేసుకోగలడా లేదా అన్నది తేల్చడం కూడా రావాలి. దాన్నే యూజబిలిటీ ఎవాల్యుయేషన్ అంటారు. ఇది ఎలా నేర్చుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు యూజబిలిటీ అంటే ఏంటి?

దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. పేరు ఐఎస్ఓ 9241-11. 1998లో వచ్చింది, 2018లో సవరించారు. అందులో ఉన్నదాన్ని సింపుల్‌గా చెప్పాలంటే మూడు ప్రశ్నలు. పని పూర్తయిందా? ఎంత టైమ్, ఎంత శ్రమ పట్టింది? చేసిన మనిషికి తృప్తిగా అనిపించిందా? ఈ మూడింటినీ కూడా ఫలానా మనిషి, ఫలానా పని, ఫలానా పరిస్థితి అని చెప్పుకుని చూడాలి.

ఉదాహరణకు నల్గొండ నుంచి ఒకాయన తల్లిని పంజాగుట్టలో డాక్టర్‌కు చూపించాలని వస్తున్నాడనుకుందాం. బస్సులో కూర్చుని ఫోన్‌లో ఓపీ అపాయింట్‌మెంట్ బుక్ చేస్తున్నాడు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఎండ స్క్రీన్ మీద పడుతోంది. ఆ పరిస్థితిలో బుకింగ్ అయిందా లేదా అన్నదే అసలు పరీక్ష. ఏసీ గదిలో పెద్ద మానిటర్ ముందు కూర్చుని 'సైట్ సూపర్' అంటే అది ఆయనకు పనికిరాదు.

కొత్తవాళ్లు ఈ పని చేయగలరా?

ఇది చాలామందికి వచ్చే డౌట్. దీనికి ముప్పై ఏళ్ల క్రితమే ఒక జవాబు దొరికింది. డెన్మార్క్‌కు చెందిన జాకబ్ నీల్సన్ 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫోన్‌లో నడిచే ఒక బ్యాంకింగ్ సిస్టమ్‌ను మూడు రకాల మనుషులకు ఇచ్చి తప్పులు వెతకమన్నారు. యూజబిలిటీ గురించి ఏమీ తెలియని విద్యార్థులు ఒక్కొక్కరు సగటున 22 శాతం సమస్యలు పట్టుకున్నారు. యూజబిలిటీ నిపుణులు 41 శాతం పట్టుకున్నారు. యూజబిలిటీతో పాటు ఆ రకం సిస్టమ్ గురించి కూడా బాగా తెలిసినవాళ్లు 60 శాతం పట్టుకున్నారు.

ఈ అంకెల్లో కొత్తవాళ్లకు రెండు కబుర్లు ఉన్నాయి. ఒకటి, ఒంటరిగా చేస్తే మిస్సయ్యేవే ఎక్కువ. అందుకే ముగ్గురు నుంచి ఐదుగురు విడివిడిగా చూసి, తర్వాత జాబితాలు కలపాలి. రెండోది, విషయం తెలిసి ఉండటం పెద్ద బలం. స్కాలర్‌షిప్ ఫామ్ నాలుగేళ్లు నింపిన విద్యార్థికి ఆ ఫామ్‌లో ఎక్కడ ఇరుక్కుంటారో నిపుణుడి కంటే ముందే తెలుసు. అమీర్‌పేట హాస్టల్ గదుల్లో ఉండేవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. దాన్ని పద్ధతిగా వాడుకోవడమే నేర్చుకోవాల్సింది.

పది సూత్రాలు.. మెట్రో స్టేషన్‌లోనే పాఠం

నీల్సన్, రోల్ఫ్ మోలిక్ కలిసి 1990లో 'హ్యూరిస్టిక్ ఎవాల్యుయేషన్' అనే పద్ధతి తెచ్చారు. 1994లో నీల్సన్ దాన్ని మెరుగుపరిచి పది సూత్రాలుగా చేశారు. కోర్సుల్లో బట్టీ పట్టించే జాబితా ఇదే. కానీ బట్టీ పట్టక్కర్లేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పది నిమిషాలు నిలబడితే చాలావరకు అర్థమైపోతుంది.

తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద చూపిస్తారు. ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పాలన్నది మొదటి సూత్రం. వెబ్‌సైట్‌లో డబ్బులు కట్టాక చక్రం తిరుగుతూనే ఉండి ఏమీ చెప్పకపోతే ఈ సూత్రం తప్పినట్టే.

అమీర్‌పేటలో రెడ్ లైన్, బ్లూ లైన్ రెండూ కలుస్తాయి. ప్లాట్‌ఫామ్‌లు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. మియాపూర్ నుంచి వచ్చి హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు ఇక్కడ మారాలి. పంజాగుట్ట వెళ్లేవాళ్లు అదే రైల్లో కూర్చుంటే తర్వాతి స్టేషనే. ఎటు వెళ్లాలో జనం గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా రంగు, బోర్డు చూసి వెళ్తారు. గుర్తుపెట్టుకోమనడం కంటే చూసి గుర్తుపట్టేలా చేయడం మేలన్నది ఇంకో సూత్రం. అన్ని స్టేషన్లలో రెడ్ లైన్‌కు అదే ఎరుపు ఉండటం.. ఒకే తీరు పాటించడమన్న సూత్రం.

మిగతావి కూడా ఇలాంటివే. జనం మాట్లాడే భాషలో ఉండాలి. తప్పుగా నొక్కితే వెనక్కి వచ్చే దారి ఉండాలి. తప్పు జరగకుండా ముందే ఆపాలి. అలవాటైనవాళ్లకు షార్ట్‌కట్ ఉండాలి. అనవసరమైన గోల ఉండకూడదు. తప్పు జరిగితే ఏం తప్పో, ఎలా సరిచేయాలో చెప్పాలి. అవసరమైతే సాయం దొరకాలి.

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిన ప్రతి విద్యార్థికీ 'ఫ్రీజ్' బటన్ భయం తెలుసు. అలాంటి బటన్ దగ్గర 'నొక్కితే ఏమవుతుంది, మళ్లీ మార్చుకోవచ్చా లేదా' అని స్పష్టంగా రాసి ఉందా అని చూడటమే తప్పును ముందే ఆపడమన్న సూత్రాన్ని వాడటం. అక్కడ ఒక్క పొరపాటుకు కాలేజీ మారిపోతుంది.

తెలుగువాళ్లకే కనిపించే తప్పులు

విదేశీ పుస్తకాల్లో లేని కొన్ని సమస్యలు మన దగ్గర ఉన్నాయి. మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫామ్‌లో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గడులు ఇస్తే ఏది ఎక్కడ రాయాలి? ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు చివర రాస్తారు. టెన్త్ మెమోలో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, బ్యాంకులో ఇంకో రకం. తర్వాత పేరు కలవట్లేదని అప్లికేషన్ ఆగిపోతుంది. 'మెమోలో ఉన్నట్టే పూర్తి పేరు రాయండి' అని ఒక్క గడి పెడితే సగం తలనొప్పి పోతుంది.

రెండోది, చిరునామా. మన దగ్గర మండలం ఉంటుంది. సైట్‌లో 'తాలూకా', 'బ్లాక్', 'తహసీల్' అని ఉంటే పల్లె నుంచి వచ్చినవాళ్లు ఆగిపోతారు. మూడోది, ఫొటో 50 కేబీ లోపు ఉండాలనే షరతు. ఫోన్‌లో తీసిన ఫొటో అంతకు ఎన్నో రెట్లు పెద్దది. సైజ్ తగ్గించే పని సైట్ చేయకపోతే ఆ పని నెట్ సెంటర్ వాళ్లు చేస్తారు. జనం జేబులోంచి డబ్బు పోయేది అక్కడే.

నాలుగోది తెలుగు. సైట్‌ను తెలుగులోకి మార్చగానే పని అయిపోదు. 'సబ్మిట్' అంటే అందరికీ తెలుస్తుంది. 'సమర్పించు' అంటే కొందరు ఆగి ఆలోచిస్తారు. 'నిష్క్రమించు' అంటే బయటికి రావడమని ఎంతమందికి తడుతుంది? ఇది ఊహించి తేల్చకూడదు, నలుగురికి చూపించి తేల్చాలి. ఇంగ్లిష్ మాటకు సరిపడా గీసిన బటన్‌లో తెలుగు మాట సగం తెగిపోతుందా, ఒత్తులు కింద లైన్‌కు తగులుతున్నాయా అన్నది కూడా చూడాలి.

భాష ఎంత ముఖ్యమో 2021లో కోవిడ్ టీకాల సమయంలో దేశమంతా చూసింది. స్లాట్ కావాలంటే కోవిన్ పోర్టల్‌లో బుక్ చేసుకోవాలి. ఫోన్, నెట్, ఇంగ్లిష్ లేనివాళ్ల సంగతేంటని సుప్రీంకోర్టు ఆ ఏడాది మే 31న ప్రశ్నలు వేసింది. జూన్‌లో హిందీతో పాటు తెలుగు సహా ప్రాంతీయ భాషలు పోర్టల్‌లోకి వచ్చాయి.

ఐదుగురు చాలు.. కానీ ఏ ఐదుగురు?

సూత్రాలతో సైట్‌ను మనమే చూసుకోవడం ఒక పద్ధతి. నిజమైన వాడకందారులను కూర్చోబెట్టి చూడటం రెండో పద్ధతి. నీల్సన్, థామస్ లాండౌర్ 1993లో చూపించిన లెక్క ప్రకారం ఒక్క మనిషితో పరీక్షిస్తే సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయి. ఐదుగురితో దాదాపు 85 శాతానికి చేరుతుంది. ఆ తర్వాత వచ్చేవాళ్లు ఎక్కువగా పాతవే మళ్లీ చూపిస్తారు. అందుకే ఒకేసారి పదిహేను మందితో చేసే బదులు ఐదుగురితో చేసి, సైట్‌ను సరిచేసి, మళ్లీ ఐదుగురితో చేయడం లాభం.

అయితే ఈ లెక్క అన్ని సైట్లకూ ఒకేలా వర్తించదు. ఆ 31 శాతం అన్నది కొన్ని ప్రాజెక్టుల సగటు మాత్రమే. పైగా ఐదుగురూ ఒకే హాస్టల్ రూమ్‌మేట్స్ అయితే ప్రయోజనం ఉండదు. రైతుల కోసం పెట్టిన సైట్ అయితే రైతులే కావాలి. విద్యార్థులూ, తల్లిదండ్రులూ ఇద్దరూ వాడే సైట్ అయితే రెండు గుంపులనూ విడిగా చూడాలి.

టాస్క్ ఎలా ఇవ్వాలి?

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 'పై మెనూలో బుక్ టికెట్ నొక్కండి' అంటే జవాబు చెప్పేసి ప్రశ్న అడిగినట్టు. సైట్ మీద ఉన్న మాటలే టాస్క్‌లో వాడకూడదు. 'రేపు పొద్దున 9 గంటలకు పంజాగుట్టలో ఇంటర్వ్యూ ఉంది. మీరు మియాపూర్‌లో ఉన్నారు. ఎంత ఖర్చవుతుందో, ఎంత టైమ్ పడుతుందో తెలుసుకోండి' అని చెప్పాలి. దారి వాళ్లే వెతుక్కుంటారు. ఎక్కడ ముందు చూశారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వచ్చారు అన్నది రాసుకోవాలి.

మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమనాలి. దీన్ని థింక్ అలౌడ్ అంటారు. వాళ్లు మౌనంగా ఉండిపోతే 'ఇప్పుడు ఏం అనుకుంటున్నారమ్మా?' అని మాత్రమే అడగాలి. వేలితో చూపించకూడదు. 'ఇది నొక్కాలా బాబూ?' అని అడిగితే 'నేను పక్కన లేకపోతే మీరు ఏం చేసేవారు?' అని తిరిగి అడగాలి. సాయం చేయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం మొదట్లో చాలా కష్టం. కానీ సాయం చేసిన క్షణం నుంచి ఆ టాస్క్ లెక్కలోకి రాదు.

'బాగానే ఉంది బాబూ' అంటే నమ్మొద్దు

మన జనానికి మొహమాటం ఎక్కువ. ఎదుట కూర్చున్న పిల్లాడు ఎక్కడ నొచ్చుకుంటాడోనని 'బాగానే ఉంది' అనేస్తారు. అంతకంటే పెద్ద సమస్య.. తప్పు సైట్‌ది అయినా 'నాకే రాదయ్యా, చదువుకోలేదు కదా' అని తమ మీద వేసుకుంటారు. అందుకే మొదలుపెట్టే ముందే స్పష్టంగా చెప్పాలి. 'పరీక్ష మీకు కాదండీ, సైట్‌కి. మీరు ఆగిన ప్రతిచోటా తప్పు సైట్‌దే. ఎంత తిడితే మాకు అంత మేలు' అని నవ్వుతూ చెబితే వాళ్లు తేలికపడతారు.

మాట ఒకటి, చేత ఒకటి అయితే చేతనే నమ్మాలి. నాలుగు నిమిషాలు వెతికి, రెండుసార్లు తప్పు పేజీకి వెళ్లి, చివరికి 'ఈజీగానే ఉంది' అంటే రిపోర్టులో రాయాల్సింది ఆ నాలుగు నిమిషాలే.

ఇంకో ముఖ్యమైన విషయం.. పరీక్ష కోసం ఎవరి అసలు ఆధార్ నంబర్, ఓటీపీ, బ్యాంక్ వివరాలు వాడకూడదు. డమ్మీ వివరాలు ఇవ్వాలి. స్క్రీన్ రికార్డ్ చేస్తుంటే ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో దేశంలో చట్టం కూడా వచ్చింది.

మార్కులు వేసే లెక్క

టాస్కులు అయ్యాక తృప్తిని కొలవడానికి ఎస్‌యూఎస్ అనే చిన్న ప్రశ్నావళి ఉంది. జాన్ బ్రూక్ 1986లో దీన్ని తయారుచేశారు. పది వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు వేయాలి. బేసి వాక్యాలు సైట్‌ను మెచ్చుకునేవి, సరి వాక్యాలు తప్పుపట్టేవి. బేసి వాటికి వేసిన మార్కులోంచి 1 తీసేయాలి. సరి వాటికి 5లోంచి వేసిన మార్కు తీసేయాలి. అన్నీ కూడి 2.5తో గుణించాలి.

ఉదాహరణకు ఒకరు బేసి వాటన్నిటికీ 4, సరి వాటన్నిటికీ 2 వేశారనుకుందాం. బేసి వాటికి 15, సరి వాటికి 15.. మొత్తం 30. దాన్ని 2.5తో గుణిస్తే 75. సాధారణంగా 68ని సగటుగా చూస్తారు. కాబట్టి ఇది సగటు కంటే మెరుగే. కానీ 75 అంటే 75 శాతం కాదు. తప్పు ఎక్కడుందో కూడా ఈ స్కోర్ చెప్పదు.

రిపోర్ట్ రాయడంలోనే ఉంది అసలు పని

'కలర్ బాలేదు', 'సైట్ కన్ఫ్యూజింగ్‌గా ఉంది' అని రాస్తే డెవలపర్ పక్కన పడేస్తాడు. ప్రతి సమస్యకూ ఐదు విషయాలు రాయాలి. ఏ పేజీలో? ఏం జరిగింది? ఎంతమందికి జరిగింది? ఎంత తీవ్రమైంది? ఎలా సరిచేయవచ్చు?

ఉదాహరణకు ఇలా రాయాలి: 'ఫొటో అప్‌లోడ్ పేజీలో ఐదుగురిలో నలుగురు ఆగిపోయారు. సైజ్ పరిమితి ఎంతో ముందు చెప్పలేదు. ఎర్రర్ వచ్చాక కూడా చెప్పలేదు. ఇద్దరు పని మధ్యలోనే వదిలేశారు. తీవ్రత 4. పరిమితిని బటన్ పక్కనే రాయాలి, వీలైతే సైట్ తనంతట తానే సైజ్ తగ్గించాలి.' తీవ్రతకు 0 నుంచి 4 వరకు స్కేల్ ఉంది. 0 అంటే అసలు సమస్యే కాదు. 4 అంటే సైట్ విడుదల చేసేలోపు సరిచేసి తీరాలి.

మరి ఇద్దరు పరిశీలకుల రిపోర్టులు కలవకపోతే? కంగారు పడక్కర్లేదు. 2001లో హెర్ట్జమ్, జాకబ్‌సన్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను పరిశీలించారు. ఒకే సైట్‌ను ఒకే పద్ధతిలో చూసిన ఏ ఇద్దరి జాబితాలైనా సగటున 5 నుంచి 65 శాతం వరకే కలిశాయి. అనుభవజ్ఞుల మధ్య కూడా తేడాలు వచ్చాయి. అందుకే జాబితాలు కలిపి, కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి.

చూపు లేనివాళ్ల సంగతి మరిచిపోవద్దు

కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని అదే టాస్క్ చేసి చూడాలి. బటన్ మీదకు వేలు వెళ్తే పేరు చదువుతుందా, లేక 'అన్‌లేబుల్డ్ బటన్' అంటుందా? బొమ్మలో ఉన్న అక్షరాలను టైప్ చేయమనే క్యాప్చా దగ్గర ఆడియో ఉందా? డబ్ల్యూసీఏజీ అనే వెబ్ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకూ, వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. ఇది చూపు తక్కువున్నవాళ్లకే కాదు, ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్లకూ ఉపయోగమే.

ఇది దయతో చేసే పని కూడా కాదు, చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ సైట్ల కోసం జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి. మూడో వెర్షన్ 2023లో వచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు ఆన్‌లైన్ కేవైసీ పూర్తి చేయలేకపోతున్నారని వేసిన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 'కళ్లు ఆర్పండి' అనే ఒక్క స్టెప్ కొందరికి బ్యాంకు ఖాతానే దూరం చేస్తుందని అప్పుడు అందరికీ తెలిసింది.

ఇరికించే డిజైన్‌ను కూడా పట్టుకోవాలి

కొన్ని సైట్లలో ఇబ్బంది పొరపాటున రాదు, కావాలనే పెడతారు. అడగని వస్తువు కార్ట్‌లో చేరిపోవడం, చివరి పేజీలో కొత్త ఛార్జీలు కనపడటం, సబ్‌స్క్రిప్షన్ ఆపే దారి దొరక్కపోవడం లాంటివి. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్షలో ఇవి కనిపిస్తే రిపోర్టులో విడిగా రాయాలి.

మొదటి వారం ఏం చేయాలి?

కోర్సు ఫీజు కట్టకముందే ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

1వ రోజు: రోజూ వాడే ఒక సైట్ తీసుకుని మూడు టాస్కులు రాయాలి. సైట్‌లోని మాటలు వాడకూడదు.

2వ రోజు: పది సూత్రాలతో ఒంటరిగా ఆ సైట్‌ను చూసి జాబితా రాయాలి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో అదే పని విడిగా చేయించాలి.

3వ రోజు: మూడు జాబితాలు కలపాలి. ఎన్ని కలిశాయో లెక్కపెట్టాలి.

4, 5 రోజులు: ఆ సైట్‌ను నిజంగా వాడే ఐదుగురిని కూర్చోబెట్టాలి. కనీసం ఇద్దరు యాభై దాటినవాళ్లు ఉంటే మంచిది. హాస్టల్ వంట మనిషి, ఊరి నుంచి వచ్చిన మేనమామ.. ఎవరైనా పర్లేదు. వాళ్ల ఫోన్‌లోనే చేయించాలి.

6వ రోజు: టాక్‌బ్యాక్‌తో, ఎండలో, సిగ్నల్ తక్కువున్న చోట అదే టాస్క్ చేయాలి.

7వ రోజు: రెండు పేజీల రిపోర్ట్ రాయాలి. అందులో తీవ్రత 3, 4 ఉన్నవే ముందు పెట్టాలి.

సర్టిఫికెట్ మీద ఉన్న లోగో కంటే ఇలాంటి రెండు మూడు రిపోర్టులు ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడిస్తాయి. 'ఈ సమస్య మీరు ఎలా పట్టుకున్నారు?' అని అడిగితే చెప్పడానికి ఒక మనిషి, ఒక ఫోన్, ఆగిపోయిన ఒక పేజీ ఉంటాయి. ఇన్‌స్టిట్యూట్‌లో చేరే ముందు కూడా అడగాల్సింది ఇదే.. క్లాసులో నిజమైన వాడకందారులతో పరీక్ష ఎన్నిసార్లు చేయిస్తారు? డెమో క్లాసులో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, ఫీజు కట్టే ముందు ఇంకో రెండు చోట్ల అడిగి చూడటం మంచిది.